మట్టి చదువు: సిరామిక్ కళావిద్యయు, గ్రామ పంచాయతీల కర్తవ్యమును

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డలోను, చెరువులకు పేరొందిన వనపర్తి సీమలోను, నల్లమల అంచువఱకు విస్తరించిన నాగర్‌కర్నూలు ప్రాంతములోను కుండతో పనిలేని ఇల్లు ఒకప్పుడు లేదు. జొన్నరొట్టె కాల్చుటకు పెంకు, పాలు కాచుటకు అటిక, నీరు నిలుపుటకు కడవ, ధాన్యము దాచుటకు బాన, దీపమునకు ప్రమిద, ఇంటికప్పునకు గూనపెంకు, పెండ్లికి ఐరేని కుండలు, గ్రామదేవతకు బోనపుకుండ, ఇవన్నియు ఊరి కుమ్మరి సారెమీదినుండి వచ్చినవే. నేడు రొట్టె ఇనుప పెనముమీద కాలుచున్నది. నీరు ప్లాస్టిక్ బిందెలలో నిలుచుచున్నది. ఇంటికప్పు సిమెంటుదైనది. పెండ్లిండ్లకు, పండుగలకు, వేసవికి మాత్రమే కుమ్మరి మనకు గుర్తునకు వచ్చుచున్నాడు.

ఇట్టి స్థితిలో కుమ్మరి ఇంట పుట్టి పదవ తరగతియో, ఇంటర్మీడియటో ముగించిన బాలుడు గాని బాలిక గాని తన ఇంటి విద్యకు భవిష్యత్తు లేదని తలంచుట సహజము. కాని ఆ విద్యకే విశ్వవిద్యాలయములందు శాఖలు కలవనియు, దానికి పట్టములు ఇయ్యబడుచున్నవనియు, దేశదేశములందు దానిని యువకులు ప్రయాసపడి నేర్చుకొనుచున్నారనియు ఆ పిల్లలకు చెప్పవలసినవా రెవరు? పాఠశాల ఉపాధ్యాయునితోపాటు ఈ బాధ్యత గ్రామ పంచాయతీ సభ్యులపైనను కలదు. అందువలన సిరామిక్ కళావిద్య యెట్టిది, అది యెచ్చట లభించును, దానికొఱకు పంచాయతీ చేయదగిన సహాయ మెట్టిది అను విషయములను ఈ వ్యాసములో వివరించుచున్నాము.

సిరామిక్ అనగా నేమి?

మట్టిని తడిపి, మలచి, ఆరబెట్టి, నిప్పులో కాల్చి, మరల నీటిలో కరుగని గట్టి పదార్థముగా మార్చు పనులన్నింటికిని సిరామిక్ అను పేరు వర్తించును. కుమ్మరిమట్టికి గ్రీకు భాషలోనున్న పేరునుండి ఈ మాట పుట్టినది. పేరు క్రొత్తదైనను వస్తువు మనకు క్రొత్తది కాదు. దీనిలోని మూడు ముఖ్యమైన తరగతులను మన ఇండ్లలోనే చూడవచ్చును.

మొదటిది కుండ. ఊరి ఆవములో కట్టెలు, పిడకలు, ఊక వేసి కాల్చునప్పుడు వేడి సుమారు 700 నుండి 900 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు పోవును. ఆ వేడికి మట్టి గట్టిపడును గాని పూర్తిగా మూసుకొనిపోదు. అందులో కంటికి కనిపించని రంధ్రములు మిగులును. ఆ రంధ్రములగుండ నీరు కొంచెము కొంచెముగా పైకి ఊరి ఆవిరియై పోవుచు లోపలి వేడిని తీసికొనిపోవును. కుండనీరు చల్లగానుండుటకు కారణ మిదియే.

రెండవది ఆవకాయ జాడీ. ఇది సుమారు 1200 నుండి 1300 డిగ్రీల వేడిలో కాల్చబడినది. అంత వేడికి మట్టిలోని రేణువులు కొంత కరిగి ఒకదానితో నొకటి అతుకుకొనును. పైనున్న నున్నని పూత నిజమునకు గాజే. అందుచేత ఉప్పును, నూనెను, పులుపును ఎన్ని నెలలు నిలిపినను జాడీ ఊరదు, చెడదు.

మూడవది పింగాణి. తెల్లని చీనామట్టి, పలుగురాయి పొడి, ఫెల్డ్‌స్పార్ అను రాతిపొడి కలిపి చేయుదురు. సగము చీనామట్టి, తక్కిన రెండును నాలుగవ వంతు చొప్పున అనునది చాలకాలముగా ప్రసిద్ధమైన పాలు. దీనిని కాల్చుటకు సాధారణముగా 1300 డిగ్రీలు లేదా అంతకు మించిన వేడి కావలెను.

కుండనుండి జాడీకి, జాడీనుండి పింగాణికి గల దూరము మట్టిలోను, వేడిలోను ఉన్నది. చేతిపనిలో అంత భేదము లేదు. సారెపై మట్టిని లేవనెత్తు నేర్పు మూడింటికిని మూలమే. ఈ సంగతి పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గమనింపవలెను. ఊరి కుమ్మరి బిడ్డ ఈ చదువునకు పోయినయెడల మొదటి మెట్టు ఇంటనే ఎక్కి పోయినట్లగును.

కుమ్మరికి తెలిసినది, కళాశాల నేర్పునది

ఊరి కుమ్మరి విద్య తక్కువది కాదు. ఏ చెరువులో ఏ మూల మట్టి జిగటగానుండునో, దానిలో ఎంత ఇసుక, ఎంత బూడిద కలుపవలెనో, పచ్చికుండను సలపతో ఎంతవఱకు తట్టవలెనో, ఆవమునకు ఎప్పుడు నిప్పు పెట్టవలెనో అతనికి తెలియును. ఇది తరతరముల పరీక్షలవలన వచ్చిన జ్ఞానము. కాని మట్టి మారినప్పుడు, కట్టె మారినప్పుడు, క్రొత్త వస్తువు చేయవలసి వచ్చినప్పుడు ఈ జ్ఞానము చాలదు. ఇట్లు చేసిన ఇట్లగునని అనుభవము చెప్పును. ఎందువలన నట్లగునో తెలిసినచో క్రొత్త చిక్కునకు క్రొత్త ఉపాయము వెదకవచ్చును. కళాశాల ముఖ్యముగా నేర్పునది ఈ కారణములను.

ఒక ఉదాహరణము. నల్లరేగడి పొలము వేసవిలో నెఱ్ఱెలు వారుట మనకందఱకు తెలిసినదే. ఆ మట్టిలో నీటిని విశేషముగా పీల్చి ఉబ్బి, ఆరినప్పుడు అంతగా ముడుచుకొను సన్నని రేణువులు కలవు. కేవలము అట్టి మట్టితో కుండ చేసినచో పొలమువలెనే కుండయు పగులును. అందుచేతనే కుమ్మరి ఇసుకను, బూడిదను, ఎఱ్ఱమట్టిని కలుపును. విద్యార్థి ఈ ముడుచుకొనుటను కొలిచి చూచును. మట్టితో చిన్న బిళ్లలు చేసి, వాటిపై 10 సెంటిమీటర్ల గీతలు గీసి, ఆరినపిమ్మట ఒకసారి, కాల్చినపిమ్మట మఱొకసారి కొలుచును. గీత 9 సెంటిమీటర్లకు దిగినచో ఆ మట్టి నూటికి పది పాళ్లు ముడుచుకొనినది. ఈ లెక్క తెలిసినవాడు ఏ మట్టిలో ఏది ఎంత కలుపవలెనో కొన్ని పరీక్షలతోనే తేల్చుకొనగలడు.

మఱొక ఉదాహరణము. ఆవమునుండి చక్కగా దిగిన కుండ కొన్నాళ్లకు పెచ్చులూడుట కలదు. దీనికి మట్టిలోనున్న సున్నపు గుల్లలు కారణము కావచ్చును. రేగడిలో ఇవి తఱచుగానుండును. ఆవములో అవి కాలి సున్నమై, పిమ్మట గాలిలోని తేమను పీల్చి ఉబ్బి, కుండను లోపలినుండి పగులగొట్టును. మట్టిని నీటిలో కలిపి, సన్నని జల్లెడలో వడకట్టినచో ఈ బాధ చాలవఱకు తొలగును.

నిప్పు విషయమును అట్టిదే. నూరు డిగ్రీలకు చేరునప్పటికి కుండలో తడి మిగిలియున్నచో అది ఆవిరియై కుండను ప్రేల్చును. 573 డిగ్రీల యొద్ద మట్టిలోని పలుగురాయి రేణువులు ఒక్కసారిగా వ్యాకోచించును. చల్లారునప్పుడు అదే వేడివద్ద అవి సంకోచించును. వేడిని ఆ దశలో నెమ్మదిగా ఎక్కించి, నెమ్మదిగా దింపనిచో పాత్ర చిట్లును. ఆవములోనికి గాలి ధారాళముగా పోవునప్పుడు మట్టిలోని ఇనుము ఎఱ్ఱబారును. గాలిని మూసి పొగ నింపినచో కుండ నల్లబడును. ఎఱ్ఱకుండ, నల్లకుండ అను భేదము ఈ గాలివలన నేర్పడినదే. విద్యార్థి ఈ మార్పులను ఉష్ణమాపకముతోను, నిర్ణీతమైన వేడికి వంగిపోవు చిన్న మట్టి శంకువులతోను గుర్తించుట నేర్చును.

ఇంతియేగాక గాజుపూతను తయారుచేయుట, చిత్రలేఖనము, శిల్పము, అచ్చులు పోయుట, కళాచరిత్ర, వస్తువు ధర కట్టుట మున్నగునవియు పాఠ్యాంశములలో నుండును. నాలుగేండ్ల చదువులో మొదటి సంవత్సరము సాధారణముగా అన్ని కళలకును సమానము. పిమ్మట విద్యార్థి తన శాఖలో ప్రవేశించి, తన చేతితో మట్టి పిసికి, సారె త్రిప్పి, పూత కలిపి, కొలిమి కాల్చి నేర్చుకొనును. పుస్తకములకంటె పనిశాలలో గడపు కాలమే యెక్కువ.

ఈ విద్య యెట్లు పెరిగినది?

మట్టిపని విశ్వవిద్యాలయములో ప్రవేశించి నూట ముప్పది యేండ్లకు పైబడినది. అమెరికాలోని ఓహాయో రాష్ట్రమున మట్టి సమృద్ధిగా నుండి, ఇటుక, పెంకు, పాత్రల పనులు విస్తారముగా సాగుచుండెను. ఆ పనులకు శాస్త్రజ్ఞానము తోడు కావలెనని 1894లో ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ ఆర్టన్ ఆధ్వర్యమున సిరామిక్ శాఖను నెలకొల్పిరి. 1900లో న్యూయార్క్ రాష్ట్రము ఆల్‌ఫ్రెడ్ అను చిన్న ఊరిలో మట్టిపని పాఠశాలను స్థాపించి, చార్లెస్ బిన్స్ అను నిపుణునికి అప్పగించెను. అచ్చట కళయు, శాస్త్రమును ఒకేచోట బోధింపబడినవి. రెండుచోట్లను చదువు తమ నేలలోని మట్టినుండియే పుట్టినదని గుర్తింపదగును.

మన దేశమున కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1924లో సిరామిక్ శాఖ ప్రారంభమయ్యెను. రవీంద్రనాథ ఠాకూరు 1922లో శ్రీనికేతనమున ప్రారంభించిన గ్రామపునర్నిర్మాణ కార్యక్రమములో చేతివృత్తులకు స్థానము లభించెను. 1950లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున లలితకళల విభాగము ఏర్పడి, అచ్చటి సిరామిక్ పనిశాల ఎందఱో కళాకారులను తీర్చిదిద్దెను. తెలుగువాడైన పి.ఆర్. దరోజ్ హైదరాబాదులో లలితకళలు అభ్యసించి, పిమ్మట బరోడాలో సిరామిక్ నేర్చి, మట్టితో పాత్రలనేగాక ద్వారములను, గోడలను అలంకరించు భారీ కృతులను చేసి ప్రసిద్ధి కెక్కెను. భూగర్భశాస్త్రము చదివి జపానులో శిక్షణ పొందిన సర్దార్ గురుచరణ్ సింగు 1952లో ఢిల్లీలో నెలకొల్పిన పనిశాల ఉత్తరదేశమున ఈ కళకు ఆధారమైనది. 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ దంపతులు స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పనిశాల విశ్వవిద్యాలయము కాకున్నను ఎందఱికో గురుకులమైనది. 2018లో జయపురమున జరిగిన మొదటి భారత సిరామిక్ త్రైవార్షిక ప్రదర్శన ఈ కళ ఎంత పెరిగినదో చాటినది.

గ్రామముల దృష్టితో చూచినప్పుడు అన్నింటికంటె ఉపయోగకరమైన ఉదాహరణము జపానులోని మషికో. ఆ ఊరిలో 1853లో కుండల పని మొదలైనది. అచ్చటి కుమ్మరులు టోక్యో వంటయిండ్లకు జాడీలు, కూజాలు చేయుచుండిరి. లోహపాత్రలు వచ్చుటతో వారి పనియు క్షీణింపసాగెను. అట్టి సమయమున 1920వ దశకములో షోజి హమదా అనునాతడు ఆ ఊరికి వచ్చెను. టోక్యోలోని ఉన్నత సాంకేతిక పాఠశాలలో సిరామిక్ చదివి, క్యోటోలో గాజుపూతలను పరిశోధించి, ఇంగ్లాండులో బెర్నార్డ్ లీచ్ అను కళాకారునితో కలిసి పనిచేసిన విద్యావంతుడాతడు. అయినను నగరమును కోరక, మషికో మట్టిని, అచ్చటి రాతిపొడిని, ఆ ఊరి కుమ్మరుల పద్ధతులనే గ్రహించి పాత్రలు చేసెను. 1955లో జపాను ప్రభుత్వము ఆతనిని జాతీయ నిధిగా గౌరవించెను. నేడు మషికోలో వందలకొలది పనిశాలలు కలవు. చదువు ఊరి మట్టిని చిన్నచూపు చూడక దానిని ఆశ్రయించినప్పుడు ఊరి పని యెట్లు నిలుచునో ఈ కథ చెప్పుచున్నది.

మన మూడు జిల్లాల మట్టి, రాయి

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఈ కళకు కావలసిన ముడిపదార్థములకు కొదువలేదు. నడిగడ్డలో రేగడి, వనపర్తి, నాగర్‌కర్నూలు మెట్టభూములలో ఎఱ్ఱచెలక, చెరువులందు ఏటేట చేరు ఒండ్రు కలవు. ఇంతియేగాక పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా పలుగురాయికిని, ఫెల్డ్‌స్పార్‌నకును పేరుపొందినది. పింగాణికిని, గాజుపూతకును ముఖ్యమైన రాళ్లు ఇవియే. అవి రాయిగానో, పొడిగానో లారీలపై బయటికి పోయి, ఎక్కడనో టైలుగాను, పాత్రగాను మారి, అనేక రెట్ల వెలతో మన అంగళ్లకు తిరిగి వచ్చుచున్నవి. రాయి మన యొద్ద నున్నది. దానిని పాత్రగా మార్చు చదువే కొఱవడినది.

చదువును ఆదరించుట ఈ సీమకు క్రొత్త కాదు. వనపర్తి రాజప్రాసాదములో 1959లో పాలిటెక్నిక్ నెలకొనెను. గద్వాల సంస్థానమున జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి తన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకంటె ప్రజల జీవనమునకు ప్రాధాన్యమిచ్చెను. 1985లో స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయమునకు తెలంగాణములో 2025లో ఆయన పేరు పెట్టబడినది. ఆ విశ్వవిద్యాలయమున శిల్పము, చిత్రలేఖనము బోధింపబడుచుండుట మన విషయమునకు సంబంధించినదే.

ఎక్కడ చదువవలెను?

ఈ మూడు జిల్లాలలో సిరామిక్ కళకు ప్రత్యేకమైన విశ్వవిద్యాలయ శాఖ లేదు. విద్యార్థి బయటికి పోవలెను. అందుకు నాలుగు మార్గములు కలవు.

మొదటిది, హైదరాబాదులోనే శిల్పశాఖలో చేరుట. 1940 నాటి కళాపాఠశాల పరంపరకు చెందిన లలితకళా కళాశాల 2008నుండి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయములో భాగమైనది. ఇంటర్మీడియటులో ఏ గ్రూపు చదివినవారైనను ఆ విశ్వవిద్యాలయము జరుపు ప్రవేశపరీక్ష వ్రాసి, నాలుగేండ్ల బి.ఎఫ్.ఎ. చదువవచ్చును. శిల్పశాఖలో మట్టితో మూర్తులు మలచుట ప్రధానాభ్యాసము. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున శిల్పమునందు పై చదువు కలదు.

రెండవది, సిరామిక్ కళనే ప్రత్యేకముగా చదువుట. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు దృశ్యకళా విభాగములో కుండలు, సిరామిక్ శాఖ కలదు. శాంతినికేతనములోని కళాభవనమునను, బరోడాలోను ఈ అభ్యాసమునకు అవకాశము కలదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో సిరామిక్, గాజు వస్తువుల రూపకల్పన ప్రత్యేక విషయము. వీటికి ప్రవేశపరీక్షలు కఠినముగానే యుండును. బొమ్మ గీయుటలోను, చేతితో రూపము మలచుటలోను పరీక్ష జరుగును. కావున పదవ తరగతినుండియే చిత్రలేఖనము అభ్యసించుట మంచిది.

మూడవది, ఇంజనీరింగు మార్గము. గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు చదివినవారు కాశీలోని ఐ.ఐ.టి.లోను, రూర్కెలాలోని ఎన్.ఐ.టి.లోను సిరామిక్ ఇంజనీరింగు చదువవచ్చును. ఇది కళ కాదు. టైలు, గాజు, కొలిమి ఇటుకలు, విద్యుత్ పరికరముల పింగాణి మొదలగు పరిశ్రమలకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌లోని గూడూరులో పదవ తరగతి పిమ్మట సిరామిక్ డిప్లొమా చదువు ప్రభుత్వ సంస్థ యున్నది. అన్య రాష్ట్ర విద్యార్థులకు గల నియమములను ముందుగా విచారించుకొనవలెను.

నాలుగవది, పట్టముతో నిమిత్తము లేని శిక్షణ. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల సంఘమునకు చెందిన కేంద్ర గ్రామీణ కుమ్మరి సంస్థ కర్ణాటకమునందలి ఖానాపురములో కలదు. కలకత్తాలోని కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధనాలయపు శాఖ ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో పనిచేయుచున్నది. ఖుర్జాయే కప్పులు, జాడీల పరిశ్రమకు పేరుపడిన పట్టణము. చదువు వయస్సు దాటిన కుమ్మరులకు ఇట్టి సంస్థలు అనుకూలములు.

కష్టనష్టములు

ఈ చదువు చదివినవారికందఱకు వెంటనే ఉద్యోగము దొరకునని చెప్పుట న్యాయము కాదు. పట్టము చేతికి వచ్చినపిమ్మట సొంతముగా పనిచేయుటకు కొలిమి, సారె, స్థలము, గిరాకి కావలెను. కళాశాల కొలిమిపై నేర్చినవానికి సొంత కొలిమి లేనిచో చేతులు కట్టివేసినట్లగును. విద్యుత్తు కొలిమికిని, గ్యాసు కొలిమికిని పెట్టుబడి యెక్కువ. ఒక్కరివలన కానిది నలుగురు కలిసి ఉమ్మడిగా ఏర్పరచుకొనవచ్చును. పాఠశాలలలో కళోపాధ్యాయులుగాను, టైలు కర్మాగారములలో రూపకల్పన చేయువారుగాను, భవనముల అలంకరణ చేయువారుగాను పని దొరకు అవకాశము కలదు. గుజరాతులోని మోర్బీ పట్టణము టైలు పరిశ్రమకు దేశములో ముఖ్యకేంద్రము.

ఆరోగ్య విషయమునను జాగ్రత్త కావలెను. ఎండిన మట్టి ధూళి, ముఖ్యముగా పలుగురాయి పొడి, ఏండ్ల తరబడి పీల్చినచో ఊపిరితిత్తులు గట్టిపడు సిలికోసిస్ అను వ్యాధి వచ్చును. ఒకసారి వచ్చిన తరువాత అది పూర్తిగా నయము కాదు. పొడిమట్టిని ఊడ్వక తడిగుడ్డతో తుడుచుట, తగిన ముసుగు ధరించుట అవసరము. రాళ్లను పొడిచేయు మరలవద్ద పనిచేయు కూలీలకును ఈ హెచ్చరిక వర్తించును. సీసము చేరిన గాజుపూతలు పులుపు తగిలినప్పుడు ఆహారములోనికి దిగును. అందుచేత తినుటకు, త్రాగుటకు వాడు పాత్రలకు వాటిని వాడరాదు.

పంచాయతీలు చేయదగిన పనులు

విశ్వవిద్యాలయమును స్థాపించుట పంచాయతీ పని కాదు. కాని విశ్వవిద్యాలయమునకు పోవు విద్యార్థి యెక్కడనుండి బయలుదేరునో, తిరిగి యెక్కడకు రావలెనో ఆ ఊరు పంచాయతీ చేతిలోనున్నది. చేయదగిన పనులు కొన్ని క్రింద వివరింపబడినవి.

మట్టిని కాపాడుట మొదటిది. చెరువులో మట్టి యంతయు ఒకే రకముగా నుండదు. కుమ్మరిమట్టి దొరకు చోటు తెలిసినవారు కుమ్మరులే. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కాలమున చెరువుల పూడిక తీసి పొలములకు తోలుట మనము చూచితిమి. పొలములకు అది మేలే. ఇకముందు పూడిక తీయునప్పుడెల్ల పని మొదలిడుటకు ముందు ఊరి కుమ్మరులను పిలిచి, వారికి కావలసిన మట్టి యుండు భాగమును గుర్తించి, దానిని వారికొఱకు విడిచిపెట్టుట మంచిది. ఇటుకబట్టీలకు యంత్రములతో త్రవ్వుకొనిపోవుటవలన ఆ భాగము పోయినచో తిరిగి ఏర్పడుటకు చాలకాలము పట్టును.

మట్టి తీయుటలో కుమ్మరికి గల వెసులుబాటును తెలిసికొనుట రెండవది. కుమ్మరులు తమ ఆచారము ననుసరించి కుండలు, ప్రమిదలు, బొమ్మల కొఱకు సామాన్యమైన మట్టిని, ఇసుకను చేతితో తీసికొనుటకు ముందస్తు పర్యావరణానుమతి అవసరము లేదని కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2016 జనవరి 15 నాటి ప్రకటనలో తెలిపియున్నది. యంత్రములతో త్రవ్వువారికి ఈ వెసులుబాటు లేదు. ఈ సంగతి తెలియక గంపెడు మట్టికి కుమ్మరిని అడ్డగించుటయు, పది లారీల మట్టిని చూచి ఊరకుండుటయు జరుగరాదు. సందేహమున్నచో నీటిపారుదల, రెవెన్యూ అధికారులను సంప్రదించి, పంచాయతీ సమావేశములో చర్చించి, తీర్మానము వ్రాసి యుంచుకొనవలెను.

దరఖాస్తులను జాప్యము లేక పరిశీలించుట మూడవది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో కుమ్మరిపని యొకటి. 2027-28 వఱకు ఉద్దేశింపబడిన ఈ పథకము క్రింద అర్హులైన వృత్తిదారులకు దినమునకు 500 రూపాయల భత్యముతో ప్రాథమిక శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వఱకు సహాయము, 5 శాతము వడ్డీపై మొదట లక్ష రూపాయలు, పిమ్మట రెండు లక్షల రూపాయలు ఋణము లభించుటకు ఏర్పాటు కలదు. పదునెనిమిదేండ్లు నిండినవారు, కుటుంబమునకు ఒకరు చొప్పున అర్హులు. దరఖాస్తు పరిశీలనలో మొదటి మెట్టు గ్రామ పంచాయతీయే. అచ్చట ఆగిపోయిన కాగితము జిల్లాకు చేరదు. కరెంటు సారెకు కావలసిన డబ్బు కూడక, వయస్సు మీఱి కాలితోనో, కఱ్ఱతోనో సారె త్రిప్పలేక పని మానినవారు మరల పని మొదలిడుటకు ఈ సహాయము ఉపయోగపడవచ్చును.

విద్యార్థిని గుర్తించుట నాలుగవది. ప్రతి సంవత్సరము పదవ తరగతి, ఇంటర్మీడియటు ఫలితములు వెలువడినప్పుడు ఊరిలో చేతిపనియందు, బొమ్మ గీయుటయందు ఆసక్తిగల బాలబాలికలను ఉపాధ్యాయుల ద్వారా తెలిసికొని, పైన చెప్పిన చదువుల సంగతి వారి తలిదండ్రులకు చెప్పవలెను. కులధ్రువపత్రము, ఆదాయధ్రువపత్రము సకాలమున తీసికొనుటలో తోడ్పడవలెను. ఉపకారవేతనముల వివరములను జిల్లా వెనుకబడిన తరగతుల సంక్షేమ కార్యాలయములో విచారింపవచ్చును. ఇది కుమ్మరి పిల్లలకే పరిమితమైన విద్య కాదు. ఏ ఇంటి బిడ్డ యైనను నేర్వవచ్చును. ఆడపిల్లలను దూరదేశమునకు పంపుట యెట్లని సందేహించువారు ఒక సంగతి తలచుకొనవలెను. కుమ్మరి ఇంట మట్టి త్రొక్కుట, జల్లెడ పట్టుట, కుండకు రంగు పూయుట మొదలగు పనులలో సగము స్త్రీలే చేయుచున్నారు. సారెమీద కూర్చుండుట మాత్రము వారికి చాలచోట్ల లేదు. కళాశాలలో ఆ అడ్డు లేదు.

పాఠశాలలో మట్టికి చోటిచ్చుట ఐదవది. నెలకొక దినము ఊరి కుమ్మరిని పాఠశాలకు పిలిచి, పిల్లలచే మట్టి పట్టించినచో ఖర్చు స్వల్పము, లాభ మధికము. పిల్లలు చేసిన వస్తువులను కుమ్మరి ఆవములోనే కాల్పింపవచ్చును. మట్టి ముడుచుకొనుటను కొలుచు పరీక్ష పైన చెప్పియున్నాము. స్కేలు, మేకు, ఆవము ఉన్నచో దానిని ఏ ఉన్నత పాఠశాలయందైనను చేయవచ్చును. ఊరిలోని నాలుగు చోట్ల మట్టిని తెచ్చి పరీక్షించి, ఫలితములను ఒక పుస్తకములో వ్రాసియుంచినచో, రేపు చదువుకొని వచ్చిన విద్యార్థికి అది మొదటి ఆధారమగును.

వాడుక కల్పించుట ఆఱవది. పంచాయతీ కార్యాలయములో, అంగన్‌వాడీలో, పాఠశాలలో వేసవి చలివేంద్రములకు కుండలు ఊరి కుమ్మరియొద్దనే కొనవచ్చును. సమావేశములలో ప్లాస్టిక్ గ్లాసులకు బదులు మట్టి పాత్రలు వాడవచ్చును. వినాయక చవితికి రంగులు పూయని మట్టి విగ్రహములు చేయించినచో చెరువునకును మేలు, కుమ్మరికిని పని. గిరాకి లేని విద్యను ఎవరును నేర్వరు.

చదువుకొని తిరిగి వచ్చువానికి చోటు చూపుట చివరిది. నలుగురైదుగురు కుమ్మరులు, ఒక పట్టభద్రుడు కలిసి పనిచేయుటకు పొగవలన ఇండ్లకు బాధ కలుగని స్థలము, ఒక నీటి కుళాయి, ఒక కప్పు ఉన్నచో ఉమ్మడి పనిశాల మొదలిడవచ్చును. అనుభవజ్ఞుడైన కుమ్మరికి మట్టి తెలియును. చదివినవానికి కొలతయు, పూతయు, పట్టణపు గిరాకియు తెలియును. మషికోలో నిలిచినది ఇట్టి కలయికయే.

మన ఊరిలో నేడు సారె త్రిప్పుచున్నవారు ఎందఱు? వారిలో అఱువది యేండ్లు దాటినవా రెందఱు? వారి విద్య నేర్చుకొనుచున్నవా రెవరైన కలరా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము రాబోవు పంచాయతీ సమావేశమునకు ముందే తెలిసికొనుట కష్టము కాదు. ఊరిలో నడచి అడిగిన చాలును. చివరి సారె ఆగిపోయినపిమ్మట కాశీనుండి పట్టము తెచ్చుకొన్న విద్యార్థియైనను ఆ ఊరి మట్టి గుణమును, దాని పాలును, ఆ ఆవపు మర్మమును తిరిగి తెలిసికొనుటకు ఏండ్లు పట్టును. చెప్పువారు ఉండగనే వినువారిని పంపవలెను. ఈ సంవత్సరము ప్రతి పంచాయతీయు ఒక్క బాలుని గాని, ఒక్క బాలికను గాని ఈ చదువుదారిలో నిలుపగలిగినచో, నాలుగేండ్లలో మన మూడు జిల్లాలలో మట్టిని ఎఱిగిన పట్టభద్రులు కొందఱైనను తయారగుదురు. ఆ మొదటి పేరును గుర్తించుట మీ సమావేశములోనే జరుగవలెను.